హీరో రాగానే విసిరిన కాగితాలు

లీడ్స్, ఇంగ్లండ్

విజయన్నయ్యా, ప్రభువు దయవల్ల బాగున్నాను, ఆసుపత్రిలో డ్యూటీలూ అలవాటయ్యాయి. ఫోన్లో నా గొంతు వింటే అమ్మ కంగారుపడుతుందని కార్డు రాస్తున్నాను.

నిన్న ఇక్కడి హాల్లో తెలుగు సినిమా వేశారు. తిరువూరులో మనం చేసినట్టే పాత పేపర్లు చించి సంచిలో పట్టుకెళ్లి, హీరో రాగానే ఈల వేసి విసిరాను. హాలంతా చప్పుడు లేదు. మన తెలుగమ్మాయిని చేసుకున్న తెల్లాయన ముందు సీట్లో ఉన్నాడు. తలమీద ముక్కలు దులుపుకుని, వెనక్కి తిరిగి నాకే సారీ చెప్పాడు! వీళ్లకి కోపం వచ్చినా సారీయే. తిట్టినా బాగుండేది. సినిమా అయ్యాక ముక్కలన్నీ నేనే ఏరాను. చేతులు కడుక్కుందామంటే ఒక కుళాయిలో మరిగే నీళ్లు, పక్కదాంట్లో ఐసు నీళ్లు. రెండూ కలపాలని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు. సినిమా ఒట్టి బోరు. నువ్వు పక్కనుంటే మళ్లీ చూసేదాన్ని.

ఇన్వర్టర్ బాగుచేయించావా? కరెంటు పోయి, సగంలో ఆపి ఉంచిన మన వీడియోగేమ్ మొదటికొస్తే ఊరుకోను. అమ్మకీ కొత్త వదినకీ నా వందనాలు. వదినకి ఆడాలనిపిస్తే ఇద్దరూ వేరే ఆట మొదలుపెట్టండి. మన ఆటలో నా బొమ్మ వంతెన ఇవతలే నిలబడి ఉంది. నేను వచ్చేదాకా నువ్వూ దాటకు.

బ్లెస్సీ