ఉప్పుకాగితం చేసిన పని

1986 జూన్, ఆదివారం. అమీర్‌పేట.

ఇబ్రహీం భాయ్ దగ్గర ఇవాళ ఒక నిజం దాచాను. పంజగుట్టలో మా ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉండే ఈ మాజీ హవల్దారు, నేను సైనికుల స్మారక బ్యాడ్జీలు సేకరిస్తానని తెలిసి ఇంటికొచ్చాడు. గొప్పగా పెట్టె తెరిచాను. ఆయన వేలు మూడో వరసలోని ఇత్తడి బ్యాడ్జి మీద ఆగింది.

"గిది మా పల్టన్‌ది సార్. లడాయిల ఉన్నోళ్లకే ఇచ్చిన్రు. నాది ఇల్లు మారినప్పుడు పోయింది. ఎనక మేకుతోని నా నంబర్ గీక్కున్న. జర తిప్పి చూడొచ్చా?"

తిప్పాడు. వెనక అద్దంలా మెరుస్తోంది.

"నాది కాదు సార్. మస్తు సాఫ్ ఉంచిన్రు. నాది సుత ఎవరన్న గిట్లనే చూసుకుంటే సాలు."

పాత ఇత్తడి కొట్లో అది దొరికిన రోజే, అంకెల వల్ల అందం చెడిందని ఉప్పుకాగితంతో అరగదీసి మెరుగుపెట్టింది నేనే. అలవాటు కొద్దీ ముందుగా వాటిని నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను, అంతే.

గుమ్మం దగ్గర, ఊరికే అడిగినట్టు, "మీ నంబరెంత భాయ్?" అన్నాను. మడమలు చేర్చి నిటారుగా నిలబడి, ఒక్కో అంకె గట్టిగా పలికాడు. ఆయన వెళ్లాక నోట్‌బుక్ తీశాను. ఒక్క అంకె తేడా లేదు.

సిగ్గుతోనే చెప్పలేకపోయానా? లేక బ్యాడ్జి పోతుందనా? అదీ ఉందేమో...

బ్యాడ్జిని రేపు ఆఫీసుకు తొడుక్కునే చొక్కా జేబులో వేసి, చొక్కాను కొక్కేనికి తగిలించాను. పొద్దున లేచి వేరే చొక్కా తొడుక్కోనని మాత్రం నాకే నమ్మకం లేదు.