బావిలోకి దించిన కొత్త లాంతరు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ పుప్పాలగూడలో మళ్లీ పూడిక తీశాం. నువ్వు దిగిన బావే.

ముందు లాంతరు దించాలి, అది ఆరితే మనిషి దిగకూడదు. నాయన మనకు నేర్పిన పద్ధతి అదే. కానీ మన పాత లాంతరు అద్దం పగిలి, కాస్త గాలి వీస్తే చాలు ఆరిపోయేది. ఆ రోజు కూడా ఆరింది. "దానికిది అలవాటే" అని నవ్వి దిగావు. అడుగున చెడుగాలి ఉందని అది నిజమే చెప్పింది. నమ్మేవాళ్లే లేకపోయారు.

రజాకార్ల భయం పోయింది కదా, మొన్న బేగంబజారు వెళ్లి కొత్త లాంతరు తెచ్చాను. పొద్దున దించితే అదీ ఆరింది.

"ఇది గూడ ఖరాబున్నట్టుంది, ఏం గాదు, దిగుర" అన్నాడు పటేలు.

"లాంతరు మంచిగనే ఉంది పటేలా. గాలే మంచిగ లేదు" అన్నాను.

చెడుగాలి పోయేలా బావిలోకి బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరించాం. తాడుకు వేపకొమ్మలు కట్టి పైకీ కిందికీ ఆడించాం. పటేలు విసుక్కున్నా ఆపలేదు. మధ్యాహ్నానికి లాంతరు అడుగున నిలకడగా వెలిగింది. అప్పుడు దిగాను.

నా నడుముకు కట్టిన తాడు పట్టుకున్నది ఎవరనుకున్నావు? వదిన. "వేరేటోల్లు పట్టుకుంటే నాకు ఫికరైతది" అంది.

పనయ్యాక పైకొచ్చి, "ఇగ తాడు ఇడువు వదినె" అన్నాను.

గట్టు మీద ఆమె ఎదురుగా నిలబడ్డాను. అయినా కాసేపు వదల్లేదు.