తెర మీద మీ అక్క మాట

కోరుట్ల

ప్రేమ్‌కుమార్‌కు,

మస్కట్‌లో నువ్వు బాగున్నావని తలుస్తాను. మీ అక్క కోసం నువ్వు చేసిచ్చిన స్క్రీన్ సేవర్ పాడైంది. కంప్యూటర్ తెరవడానికి పాస్‌వర్డ్ కొట్టగానే ఎర్రర్ వచ్చి కంప్యూటర్ ఆగిపోతోంది. జగిత్యాలలో మెకానిక్‌కు చూపించాను. "గీ స్క్రీన్ సేవర్ తీసేస్తెనే నడుస్తది సార్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

చుట్టిన బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయేటప్పుడు, బడి నుంచి వచ్చే సృజన కోసం మీ అక్క రజని అందులో "అన్నం తిన్నవా బిడ్డా?" అని రాసి పెట్టింది. తల్లి చనిపోయాక కూడా సృజన రోజూ ఆ మాట తెర మీదికి వచ్చేదాకా కూర్చుని, "తిన్న అమ్మా" అని చెప్పి లేచేది.

మీ అక్క రాసిన మాటతో ఉన్న పాత కాపీ నీ దగ్గర ఉంటే పంపు. అదే మాట నేనూ టైప్ చేయగలను. కానీ అది వాళ్లమ్మ రాసింది కాదని బిడ్డకు చెప్పలేను. చెప్పకుండా ఆ జవాబు వినలేను.

మీ బావ