మా ఇంటితోనే మొదలుపెట్టు

తమ్ముడూ,

క్షేమ సమాచారాలు రాసే ఓపిక లేదు. ఏటి గట్టున ఇళ్లు ఖాళీ చేయమని మీ ఆఫీసు వాళ్లు నోటీసులు అంటించి వెళ్లారు. మా వీధిలో ఒక్కరూ కదల్లేదు. ఎందుకో తెలుసా? నువ్వున్నావని.

మేం ఇల్లు కట్టుకున్న కొత్తలో నువ్వొచ్చి మేడ మీద నిలబడి, "గాలి భలే వస్తోందక్కా" అన్నావు. ఏటి హద్దులు చూసే ఆఫీసరే ఆ మాట అన్నాక ఇంకెవరి అనుమతి కావాలి? ఆ ధైర్యంతోనే వీధంతా మా పక్కన ఇళ్లు లేపింది. ఎగువన గిడ్డంగుల వాళ్లు ఏటిని సగం పూడ్చి గోడ కట్టినా, "ఆఫీసరు గారి అక్క ఇంట్లోకి నీళ్లొస్తాయా?" అని నవ్వుకున్నారు.

మొన్నటి వరదలో, పక్కింటి టైలరు మంచాన పడి ఉన్న తన భార్యను బయటికి తెచ్చేలోపే నీళ్లు ఆమెను ముంచేశాయి. వరద తీశాక ఆయన మళ్లీ అదే గదిలో మిషను పెట్టుకున్నాడు. వెళ్లిపొమ్మంటే, "ముందు మీరు కదలండమ్మా, మేం కదుల్తాం" అన్నాడు.

వానలు మళ్లీ దగ్గరపడ్డాయి. ఇల్లు వదిలేద్దామన్నందుకు మీ బావ నాతో మాట్లాడడం మానేశారు, అయినా రాస్తున్నాను. బుల్డోజరు మా ఇంటితోనే మొదలుపెట్టించు. ఆ గిడ్డంగి గోడ దాకా వెళ్లి ఆగిపోకు. ఆ రోజు మొహమాటపడి నన్ను తప్పించుకు తిరగకు. వీధంతా వినేలా "అక్కా" అని పిలువు. ఆ తర్వాత కూల్చు.

నీ అక్క