అమ్మ అన్నది నన్ను కాదు

అక్కా,

నిన్ను నేనెప్పుడూ చూడలేదు. నువ్వు పోయిన మూడేళ్లకు ఆయన నన్ను పెళ్లి చేసుకున్నారు. నీ కూతురు సాహితి ఇప్పటికీ నన్ను ఆంటీ అనే పిలుస్తుంది.

నిన్న స్కూల్లో తన హిస్టరీ ప్రాజెక్టు ప్రెజెంటేషన్. పెద్దవాళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా తెచ్చి, మనలాంటివాళ్లు ఇక్కడికి రావడానికి వలస చట్టంతో దారి తెరిచిన, టెక్సస్ నుంచి వచ్చిన ప్రెసిడెంట్ గురించి. రెండు వారాలు తనని లైబ్రరీకి తిప్పింది, బోర్డు మీద ఫొటోలు అతికించింది నేనే.

"ఈ ఐడియా ఎవరిచ్చారు?" అని టీచర్ అడిగింది.

"మా అమ్మ."

మొదటిసారి నన్ను అమ్మ అందనుకుని, వెనక వరుసలో నవ్వుతూ నిటారుగా కూర్చున్నాను.

"నా చిన్నప్పుడు చెప్పింది, ఆయన సైన్ చేసిన లా వల్లే మేం ఇక్కడున్నామని. తర్వాత చనిపోయింది."

అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. నిజం చెప్తున్నాను, ఒళ్లు మండిపోయింది. చనిపోయిన మనిషి మీద ఈ కుళ్లేమిటని సిగ్గుపడ్డాను కానీ, తగ్గలేదు.

షాంటిలీలోని మన ఇంటికి డ్రైవ్ చేస్తుంటే సాహితి అడిగింది.

"ఆ లా లేకపోతే నువ్వు కూడా వచ్చేదానివి కాదు కదా, ఆంటీ?"

"వచ్చేదాన్ని కాదు."

"అయితే ఆయన సైన్ చేయడం మంచిదైంది."

ఆ మాట నువ్వు నేర్పింది కాదక్కా. అదొక్కటీ నాది.