తెనాలి నీళ్ళు పడ్డాయన్నావు

తెనాలి,
శనివారం పొద్దున.

అమ్మకు ప్రభువు పేరిట వందనాలు. నువ్వూ, పక్కింటి మంగాయమ్మ పిన్నీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మీ అల్లుడు కులాసా. నీ మనవరాలు రూతు కులాసా, దాని దగ్గు తగ్గింది, మళ్ళీ ఇల్లు పీకి పందిరేస్తోంది.

ఈ ఉత్తరం తెచ్చిన మీ అల్లుడు రమేష్ బాబు ఇప్పుడు నీ ఎదురుగానే కూర్చుని ఉంటాడు. మంచినీళ్ళివ్వు. కానీ ఉత్తరం పూర్తయ్యేదాకా ఆయన్నేమీ అడగొద్దు, ఆయన మొహం అసలే చూడొద్దు. దాచడం ఆయన వల్ల కాదు. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నన్ను ఒక్క మాటయినా పూర్తి చేయనిస్తావా తల్లీ! ఉత్తరానికైతే నువ్వు అడ్డం పడలేవు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. "ముక్కులో వేసే మందు ఎంతవరకొచ్చిందే?" అన్నావు. బాపట్ల కాలేజీలో మా పని ఇంకా ఎలుకల దగ్గరే ఉంది. మెదడు చుట్టూ కాపలా ఉంటుందని, మింగిన మందుల్లో చాలావాటిని లోపలికి రానివ్వదని చెప్పాను గదా. ముక్కు పైభాగం నుంచి మెదడుకి దొడ్డిదారి ఒకటుంది. ఆ దారిన మందు పంపి, ఒత్తిడి హార్మోను అతిగా ఊరినప్పుడు మెదడుకి జరిగే చెరుపును ఆపాలన్నదే ఇన్నేళ్ళుగా నా గోల. కొంచెం కొంచెం అందుతోంది. మనుషులదాకా వచ్చేసరికి రూతు పెళ్ళవుతుందేమో.

కోత పండక్కి చర్చికెందుకు రాలేదన్నావు. అది కింద రాస్తాను. చీరాల గుడ్డతో నువ్వు పాత కొలతకి కుట్టి పంపిన జాకెట్లు చేతుల దగ్గర వదులయ్యాయి, ముందు హుక్కులు అందలేదు. నీ కొలత తప్పలేదమ్మా, నా ఒళ్ళే మారింది.

ఈస్టరుకి రేపల్లె స్టేషన్లో దిగగానే నా బుగ్గలు పుణికి, "ఇన్నాళ్ళకి ఒళ్ళు చేశావే! తెనాలి నీళ్ళు పడ్డాయి," అని మురిసిపోయావు. బక్కపిల్లా, బక్కపిల్లా అంటూ అన్నంలో గరిటెలతో నెయ్యి పోసినదానివి, మురవవా మరి! నేనూ నవ్వాను.

మొన్నామధ్య మా ల్యాబుకి ఆ హార్మోనుని ఉమ్ములో కొలిచే కొత్త కిట్టు వచ్చింది. సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడ్డానికి మా ఉమ్మే ఇచ్చుకున్నాం. ఆ హార్మోను పొద్దున ఎక్కువుండి, పడుకునే వేళకి అడుగంటాలి. అందరిదీ అలాగే ఉంది. ఒక్కరి గొట్టాల్లో మాత్రం దిగనే లేదు. గొట్టాల మీద నంబర్లే ఉంటాయి, ఎవరిదేదో నాతో పనిచేసే హెలెన్‌కే తెలుసు. "గొట్టాలు తారుమారు చేశావ్!" అని ఆ పిల్ల మీద ఇంతెత్తున లేచాను. మళ్ళీ చేయించాను, మళ్ళీ అదే. చివరికి తలుపు దగ్గరగా వేసి, "కోప్పడకండి మేడమ్, అది మీదేనండి. మీ మొహం కూడా ఈమధ్య గుండ్రంగా అయిందండి," అంది.

ఆ హార్మోను మీద పిహెచ్‌డీ చేసి, అది ఎక్కువైతే మొహం గుండ్రమై, ఒళ్ళొచ్చి, చేతులు మాత్రం చిక్కుతాయని పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని. రోజూ అద్దంలో ఆ మొహాన్నే చూస్తూ తల దువ్వుకున్నాను. వయసొచ్చిందిలే అనుకున్నాను. సిగ్గేసిందమ్మా.

మొదట్లో క్షేమం రాసినప్పుడు నా పేరు రాయలేదు. టీచరువి, పట్టేసే ఉంటావు. నా మెదడు కింద ఉండే చిన్న గ్రంథిలో పెసరగింజంత కంతి ఉంది. క్యాన్సర్ కాదు. ఈ మాట రెండుసార్లు చదువు. ఆ కంతి వల్లే నా ఒంట్లో హార్మోను ఆగకుండా ఊరుతోంది. స్కానింగులని గుంటూరు చుట్టూ తిరుగుతూ కోత పండక్కి రాలేకపోయాను. సోమవారం ఆపరేషన్. తల కొయ్యరు, ముక్కులోంచే వెళ్తారట. నేను మందుకోసం వెతికిన దారికి పక్కదారే! డాక్టరు చెబుతుంటే నవ్వొచ్చింది. బయటికొచ్చాక మీ అల్లుడి భుజం మీద పడి ఏడ్చాను. పక్కనే చూపు నరాలున్నాయి. "చాలావరకు ఏమీ కాదండి," అంటున్నారు. ఆ "చాలావరకు" నేనూ క్లాసులో ఎన్నోసార్లు అన్నదే. నా గురించి వింటే ఇంత భయంగా ఉంటుందనుకోలేదు. నాకు భయంగా ఉందమ్మా.

మురిసినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. మా వీధంతా మురిసింది. ఉపవాస ప్రార్థన అని అన్నం మానకు, నీ షుగరు సంగతి నాకు తెలుసు. తిని ప్రార్థన చెయ్యి, దేవుడు వింటాడు. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు నా ఒళ్ళు ఆ హార్మోనుని సొంతంగా చేసుకోలేదు. మాత్ర మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. మీ అల్లుడు బండి తాళాలే మర్చిపోయే మనిషి. చిన్నప్పుడు ముక్కు మూసి ఆముదం పోసినట్టు, ఆ మాత్ర నువ్వే వెయ్యాలి.

కారు బయటే ఉంది. కళ్ళజోడు, బైబిలు, నాలుగు చీరలు సర్దుకో. తాళం మంగాయమ్మ పిన్నికివ్వు. ఇప్పుడిక మీ అల్లుడి మొహం చూడు. పాపం, నిన్నట్నుంచీ సరిగ్గా తినలేదు, ఏదైనా పెట్టి బయల్దేరదీయి.

అంతా బాగా జరిగితే మెల్లగా చిక్కిపోతానట. అప్పుడు "ఏంటే ఇలా అయిపోయావ్" అని ఏడవకు, మురిసిపో. ఆ జాకెట్లు దాచి ఉంచాను. విప్పి కుట్టొద్దు.

ఇట్లు,
నీ బక్కపిల్ల
స్టెల్లా