మెట్లమీద అత్తయ్య జవాబు

బుల్లీ,

నీకు అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ బావ నడుమునీ నా మోకాలినీ మాత్రం ఆ అందరిలో కలపకు, వాటి దారి వాటిది. నీ ఉత్తరం మంగళవారం అందింది. ఒకసారి నిలబడి చదివాను, ఒకసారి కూర్చుని చదివాను. కూర్చుని చదివినప్పుడే అర్థమైంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. మన కళ్ళద్దాల షాపు ముందుగదికి రంగు వేయించడం అయింది. నువ్వు చెప్పిన లేత నీలం కాదు, తెలుపే. కళ్ళు పరీక్ష చేసే గదికి రంగులు ఉండకూడదని పోయిన ఏడు నువ్వే కదా పాఠం చెప్పావు, మళ్ళీ నువ్వే నీలం అంటావు! అక్షరాల బోర్డు మీ బావ తగిలించారు. టేపు పట్టుకుని మూడుసార్లు కొలిచారు, అయినా ఓ పక్కకి ఒరిగింది. అదేంటండీ అంటే గోడే వంకర అంటారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, నీకు తెలియనిదేముంది. మోకాలికి మందుల షాపు బాబాయి ఏదో నూనె ఇచ్చాడు. నొప్పి తగ్గలేదు గానీ ఆ వాసనకి కస్టమర్లు బేరమాడకుండా వెళ్ళిపోతున్నారు.

ఇక మూడో ప్రశ్న. "ఈ మధ్య ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నావేంటక్కా, నా మీద కోపమా?" అని అడిగావు. కోపం లేదే తల్లీ. నీతో మాట్లాడాలంటే సిగ్గుగా ఉంది. ఎందుకో చెప్పడానికే ఈ కాగితాలన్నీ. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావేమో. చెబితే నువ్వు "పర్లేదులే అక్కా" అంటావు, నేను వెంటనే ఒప్పేసుకుంటాను. నా సంగతి నాకు బాగా తెలుసు. కాగితం మీదైతే మధ్యలో నువ్వు అడ్డురావు. శనివారానికల్లా నీ చేతికి చేరుతుందా అని కొరియర్ ఆఫీసులో మూడుసార్లు అడిగాను. నాలుగోసారి అడిగితే బయటికి పంపించేసేలా ఉన్నారు. సోమవారం నువ్వు సంతకం పెట్టాలన్నావు కదా, అందుకని.

మన వీధి పేజీ ఎలా మొదలైందో నీకు గుర్తుండే ఉంటుంది. కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయి, కరెంటు ఎప్పుడు పోతుంది, ఎవరి పిల్లి తప్పిపోయింది, ఇవీ బాబాయి రాసే కబుర్లు. ఒక చేత్తో మాత్రలు ఇస్తూ ఇంకో చేత్తో ఫోన్లో టైపు చేసేవాడు. ఇప్పుడు దాన్ని నాలుగు వేలమంది చదువుతున్నారు. మన వీధిలో అంతమంది ఎక్కడున్నారు? ఊరు వదిలి వెళ్ళినవాళ్ళందరూ చదువుతారు, నీలాగా. రెండేళ్ళ కిందట అందులో "మెట్లమీద అత్తయ్య" అని ఒకావిడ మొదలైంది. ఎవరికే కష్టమున్నా పేరు లేకుండా రాసి పంపడం, ఆవిడ జవాబు చెప్పడం. ఆ అత్తయ్య ఎవరా అని వీధి వీధంతా తలలు బద్దలు కొట్టుకుంది. రిటైరైన టీచరమ్మ అని కొందరు, బాబాయి భార్యే అని కొందరు పందేలు కూడా వేసుకున్నారు.

నేనే బుల్లీ. నోట్లో నువ్వుగింజ నానని నేను, రెండేళ్ళు ఈ ఒక్క సంగతి దాచాను. "ఎలాగూ కళ్ళద్దాలు బిగిస్తూ అందరికీ ఉచిత సలహాలు ఇస్తూనే ఉంటావు కదమ్మా, అవే రాసి పెట్టు" అన్నాడు బాబాయి. నాకూ సరదా వేసింది. ఉబ్బిపోయాననుకో.

ఒక్క నియమం మాత్రం నేనే పెట్టాను. రాసింది ఎవరో నాకు తెలిసిపోతే ఆ ఉత్తరం నేను ముట్టుకోకూడదు. దానికి బాబాయి జవాబు రాయాలి. మొగుడి గురక గురించి ఒకావిడ రాసినప్పుడు అది మంగలి షాపతని భార్య అని మొదటి ముక్కలోనే పట్టేశాను. మధ్యాహ్నం పూట ఆ గురక మన షాపు దాకా వినిపిస్తుంది కదా. వెంటనే బాబాయికి ఇచ్చేశాను. ఆయన పెద్ద జవాబు రాసి చివర్లో తన షాపులో అమ్మే ముక్కు చుక్కల మందు వాడమన్నాడు. నేను చీవాట్లు పెట్టాను, అది వేరే సంగతి. కానీ నియమం నియమమే. రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

మూడు వారాల కిందట తప్పాను.

ఆ రోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. ఒక ముసలాయన ఫ్రేముకి స్క్రూ వేస్తున్నాను. బాబాయి చదవకుండానే నాకు పంపేసిన ఉత్తరం ఫోన్లో వచ్చింది. "అత్తయ్యా, నన్ను మా అక్క పెంచింది. చదువు అయ్యాక వచ్చి తనతోనే పని చేస్తానని మాటిచ్చాను. ఇక్కడ నా మనసుకి నచ్చిన పని దొరికింది, వదలాలని లేదు. వెళ్ళిపోతానని అక్కకి ఎలా చెప్పాలి? ఫోన్ చేస్తే తను పని చేసుకుంటూ మాట్లాడుతుంది. చిన్న స్క్రూ బిగించేటప్పుడు నాలుక కొస బయటపెడుతుంది. ఆ మొహం తలుచుకుంటే నాకు నోరు పెగలదు."

కస్టమర్లకి చూపించే అద్దంలోకి చూసుకున్నాను. నాలుక బయటే ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఈ మాట ఒక్కళ్ళూ చెప్పలేదు నాకు!

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ తర్వాత వచ్చిన దాని గురించే ఈ ఉత్తరం. బాబాయికి ఇచ్చెయ్యాలి కదా? ఇవ్వలేదు. నాలుక మాటా మొహం మాటా ఉన్న వాక్యాలు రెండూ కొట్టేశాను, వీధిలో ఎవరూ పోల్చుకోకుండా. ఆ రెండూ ఎందుకు తీసేశారా అని నువ్వనుకునే ఉంటావు. కొట్టేసి, మిగతాదానికి జవాబు రాశాను. ఆ జవాబు నీకు గుర్తుంది, నాకూ గుర్తుంది. "పెంచిన చేతిని వదిలి వెళ్ళినవాళ్ళకి ఎంత మంచి పనైనా చివరికి చేదే తల్లీ. మీ అక్క నోరు తెరిచి అడగదు, నువ్వే తెలుసుకోవాలి. ఇంటికి వెళ్ళు."

ఎంత బాగా రాశానే! నా రాతకి నాకే కళ్ళు చెమర్చాయి.

రెండు రోజుల్లో నాలుగు వందల గుండె బొమ్మలు పడ్డాయి. కింద ఒక్కొక్కరూ వచ్చి నాలుగు మాటలు అనిపోయారు. విశ్వాసం లేని పిల్ల అని ఒకరు. అక్క రెక్కల కష్టం తిని ఎగిరిపోదామనుకుంటోందని ఒకరు. ఇస్త్రీ షాపావిడైతే, ఇలాంటిదాన్ని కన్నందుకు ఆ తల్లి పైనుంచి ఏడుస్తుంటుందని రాసింది. అమ్మ చనిపోయేనాటికి నీకు తొమ్మిదేళ్ళు, ఆ తర్వాత ఈ ఇస్త్రీ షాపావిడే నీకు జడలు వేసేది. అది నువ్వని తెలియక అంది. నాకు తెలుసు కదా! ఒక్క వేలు నొక్కితే ఆ మాటలన్నీ తీసెయ్యగలను. తియ్యలేదు. అందరూ నా పక్షాన ఉన్నారని, నువ్వు అవన్నీ చదువుతావని, చదివి వస్తావని అలాగే ఉంచాను. నిన్ను అన్ని మాటలంటుంటే నాకు లోపల చల్లగా అనిపించింది. ఇంతకంటే హీనమైన ముక్క నా గురించి నేను ఎప్పుడూ రాసుకోలేదు. రాయకపోతే నిజం చెప్పినట్టు కాదు.

అందరికీ శకునం చెప్పే బల్లి వెళ్ళి కుడితి తొట్లో పడిందంటారు కదా, నా వంతు మొన్న మంగళవారం వచ్చింది. బ్యాంకులో పనిచేసే ఆవిడ దగ్గరి చూపు అద్దాల కోసం కూతురితో వచ్చింది. అద్దాలు పెట్టి, ఏదైనా చదవండి చూద్దాం అన్నాను. ఆవిడ ఫోన్ తీసి నా జవాబే చదవడం మొదలుపెట్టింది. గట్టిగా, ఒక్కో అక్షరం వత్తి వత్తి. కళ్ళు మాత్రం అక్షరాల మీద కంటే కూతురి మీదే ఎక్కువున్నాయి. ఆ పిల్లకి ఎక్కడో దూరంగా కాలేజీలో సీటు వచ్చిందట, తల్లికి పంపడం ఇష్టం లేదు. "విన్నావా? ఆ అత్తయ్య ఎంత అనుభవంతో చెప్పిందో!" అంది. ఆ పిల్ల తల కూడా ఎత్తలేదు. "అనుభవం కాదమ్మా. ఆవిడకి ఎవరో వెళ్ళిపోతారని భయం" అంది.

నా చేతిలో ఉన్న ఆవిడ పాత అద్దాలు కింద పడ్డాయి. ఒక లెన్స్ పగిలింది. కొత్తది వేసి ఇస్తానని చెప్పి వాళ్ళని పంపించేశాను.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం. కొండల మీది బడులకి వ్యాన్లో వెళ్ళి పిల్లల కళ్ళు చూసే పని ఇస్తామన్నారని, వద్దని సోమవారం సంతకం పెట్టేసి నెలాఖరుకి వచ్చేస్తున్నానని రాశావు. "ఎవరో పెద్దావిడ మంచి మాట చెప్పిందక్కా, దాంతో మనసు కుదుటపడింది" అన్నావు. పెద్దావిడట! నన్ను పట్టుకుని! ఇంకో సమయంలో అయితే ఈ మాటకి నీ చెవి మెలిపెట్టేదాన్ని. ఆ వ్యాన్ గురించి మాత్రం ఒకటిన్నర పేజీ రాశావు బుల్లీ, వద్దనుకున్న పని గురించి. బోర్డు మీద అక్షరాలు మొదటిసారి కనబడ్డ పిల్లాడు బెంచీ ఎక్కి గెంతాడని, వాడు దిగేదాకా నువ్వూ నవ్వుతూనే ఉన్నావని. మన షాపు గురించి రాసింది రెండు లైన్లు, అవీ గోడ రంగు గురించి.

మీ బావకి మొత్తం చెప్పాను. రోజంతా బస్సుల కింద పడుకుని బోల్టులు బిగించే మనిషి, మాటలు తక్కువని నీకు తెలుసు. చేతులు తుడుచుకుంటూ అంతా విన్నారు. "ఆ పిల్ల వస్తే సంతోషంగా ఉంటావా?" అని అడిగారు. ఉంటానన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నారు.

మర్నాడు పొద్దున బాబాయి దగ్గరికి వెళ్ళి నియమం తప్పానని ఒప్పుకున్నాను. ఆయనకి కోపం రాలేదు, భయం వేసింది. రెండేళ్ళలో ఇంకెన్ని తప్పు జవాబులు వేశామో అని లెంపలేసుకున్నాడు. ఆ జవాబు, దాని కింది మాటలు అన్నీ తీయించేశాను. ఆ అత్తయ్య ఇక రాయదని చెప్పేశాను. "ఆ జవాబు చెప్పింది ఆ అమ్మాయి సొంత అక్కే, తన స్వార్థం కోసం చెప్పింది" అని నాలుగు ముక్కలు రాసి బాబాయికిచ్చాను. పేజీలో వెయ్యమని మాత్రం అనలేదు. వేస్తే వీధికి నువ్వు తెలిసిపోతావు. నిన్ను అడక్కుండా నీ గురించి ఒకసారి రాసింది చాలు. వెయ్యమంటే వేయిస్తాను, వద్దంటే చించేస్తాను. బ్యాంకావిడకి మాత్రం లెన్స్ ఇచ్చేటప్పుడు నిజం చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, అద్దాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లని పంపుతుందో లేదో తెలియదు.

నేను పెద్ద మనసుతో నిన్ను సాగనంపుతున్నానని అనుకోకు. నాకంత మనసు లేదు. నువ్వు వస్తావని రోజులు లెక్కపెట్టుకున్నాను, ముందుగదిలో నీ గొంతు వినబడుతుంటే వెనకగదిలో నేను లెన్సులు అరగదీసుకుంటూ ఉండొచ్చని ఆశపడ్డాను. ఈ పేజీలో ఒకచోట సిరా అలుక్కుపోయింది, చూసీ చూడనట్టు వదిలెయ్. ఇంకో సంగతి. నేను నిన్ను పెంచిన మాట నిజమే. అది నువ్వు అడిగితే చేసిన పని కాదు, నా ఇష్టం కొద్దీ చేసుకున్నాను. దానికి నీ దగ్గర మాట తీసుకోవడం నేను చేసిన మొదటి తప్పు. ఆ మాట నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను.

నా మీద కోపం వస్తే రానీ. నెల రోజులు మాట్లాడకపోయినా పడతాను. కానీ ఆ కోపంలోనో, అక్క ఏడుస్తోందన్న జాలిలోనో సోమవారం సంతకం పెట్టెయ్యకు. పనికి ఒప్పుకుంటున్నానని చెప్పి వ్యాన్ ఎక్కు.

వెళ్ళిపోతానని అక్కకి ఎలా చెప్పాలి అని నువ్వు అడిగావు. జవాబు తెలిసి కూడా నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను విను. నువ్వు చెప్పేశావు తల్లీ. మీ అక్క ఆ రోజే విన్నది.

ఇట్లు,
నువ్వు అడిగిన అత్తయ్య కాదు, నువ్వు అడగలేకపోయిన
మీ అక్క